పలకని మనిషికి పొగరేనా?



వంటిల్లు సర్దుకుని, కాస్త నడుం వాల్చే వేళ ఇది. ఈ పూట మీకొక మదనపల్లె కథ చెబుదామని వచ్చాను. అందులో సగం చరిత్ర పుస్తకాల్లో ఉంది. మిగతా సగం మా ఇంట్లో జరిగింది. మీ ఇంట్లోనూ ఇప్పుడు జరుగుతూ ఉండవచ్చు.

1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ టాగూరు మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాలకు విశ్రాంతి కోసం వచ్చి కొన్నాళ్ళున్నారు. అప్పటికి ఏడేళ్ళ కిందట తాను రాసిన 'జనగణమన'ను ఒకనాటి సాయంత్రం విద్యార్థుల ముందు పాడారు. ఆ కళాశాల ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్ గారి భార్య మార్గరెట్ కజిన్స్ సంగీతంలో పట్టా పుచ్చుకున్న మనిషి. ఆవిడ ఆ పాట విని, బాణీకి స్వరాలు రాసిపెట్టారు. కవిగారు ఆ ఊళ్ళోనే పాటను ఇంగ్లీషులోకి మార్చారు. ఒక పాట నాలుగు కాలాలు నిలవాలంటే ముందు దాన్ని శ్రద్ధగా వినే చెవి కావాలి గదా! ఆ చెవి మదనపల్లెలో దొరికింది. అదీ ఒక స్త్రీ చెవి.

ఆ ఊరికి కాస్త ఎడంగా ఆరోగ్యవరం ఉంది. పేరు వినే ఉంటారు. కొన్ని క్రైస్తవ మిషన్లు కలిసి నడిపిన క్షయ శానటోరియం 1915 నుంచి అక్కడే ఉండేది. క్రిస్టియన్ ఫ్రీమాట్ మోలర్ అనే డెన్మార్కు దేశపు డాక్టరుగారు దాన్ని ఏళ్ళ తరబడి నడిపారు. దక్షిణాది నలుమూలల నుంచీ రోగులు వచ్చేవాళ్ళు. క్షయకు అప్పట్లో మందంటూ లేదు. మంచి గాలి, మంచి తిండి, కదలకుండా విశ్రాంతి, ఊపిరితిత్తిని కొంతకాలం ముడిచి ఉంచే చికిత్స, అంతే. కొందరు ఇంటికి తిరిగొచ్చేవాళ్ళు, కొందరు రాలేదు. మన దేశంలో బి.సి.జి. టీకాల పని 1948లో మొదలైన తొలి చోట్లలో మదనపల్లె ఒకటి. ఈవేళ మన పాపాయి భుజం మీద ఉండే ఆ చిన్న మచ్చకు ఈ ఊరితో అంత పాత చుట్టరికం ఉంది.

టీకా సంగతి అలా ఉంచి, ఇక మందు సంగతికి వస్తాను. 1943లో అమెరికాలో, వాక్స్‌మన్ గారి ప్రయోగశాలలో, ఆల్బర్ట్ షాట్జ్ అనే కుర్ర విద్యార్థి మట్టిలో బతికే ఒక సూక్ష్మజీవి నుంచి స్ట్రెప్టోమైసిన్ అనే మందును వేరుచేశాడు. క్షయ క్రిమిని చంపిన మొదటి మందు అది. 1944 నవంబరులో అక్కడే ఒక శానటోరియంలో 21 ఏళ్ళ అమ్మాయికి ఆ సూదులు మొదలుపెట్టారు. ఆశ వదిలేసుకున్న ఆ పిల్ల కోలుకుంది, తర్వాత పిల్లల తల్లి కూడా అయింది. లోకమంతా ఆ మందును అమృతమనుకుంది. ప్రాణం పోసింది, అనుకోవడంలో తప్పేమీ లేదు.

కానీ ఆ అమృతానికి ఒక వెల ఉందని డాక్టర్లకు త్వరలోనే తెలిసింది. సూదులు వేయించుకున్నవాళ్ళలో కొందరికి తల తిరిగేది, చీకట్లో అడుగు తడబడేది. మనిషి తూలిపోకుండా నిలబెట్టే అవయవం చెవి లోపలే ఉంది, దానికి దెబ్బ తగిలిందన్నమాట. ఈ బాధ తక్కువగా ఉంటుందని డైహైడ్రోస్ట్రెప్టోమైసిన్ అని ఇంకొకటి తయారుచేశారు. నిజమే, తల తిరగడం తగ్గింది. కానీ అది వినికిడినే తినేసింది. ఒక్కోసారి సూదులు ఆపిన కొన్ని నెలల తర్వాత చెవుడు బయటపడేది. చివరికి ఆ మందును మనుషులకు వాడడం మానేశారు. ఈ తరగతి సూదులు ఇచ్చేముందూ, ఇస్తున్నన్నాళ్ళూ చెవిని పరీక్షిస్తూ ఉండాలనే పాఠం అలా నేర్చుకున్నారు.

మరొక మార్పు కూడా ఆ రోజుల్లోనే వచ్చింది. 1956లో మద్రాసులో క్షయ చికిత్సా పరిశోధన కేంద్రం పెట్టారు. ఇంట్లో ఉండి మందు వాడినా శానటోరియంలో ఉన్నంత బాగా నయమవుతుందని 1959లో అక్కడివాళ్ళు లోకానికి చూపించారు. పేదసాదలకు అది పెద్ద వరం. అయితే వైద్యం ఇంటికి వచ్చేసరికి రోగిని కనిపెట్టి ఉండే పని కూడా ఇంటికే వచ్చింది. అంటే ఆడవాళ్ళ మీదికి వచ్చింది. చెవిని కూడా కనిపెట్టాలమ్మా అని మా ఇంట్లో వాళ్ళకు ఎవరూ చెప్పలేదు.

ఇక మా ఇంటి సగం వినండి.

మా పెద్దమ్మ పుట్టిల్లు మదనపల్లె, మెట్టినిల్లు పుంగనూరు. 1960ల మొదట్లో, తొలి కాన్పయిన ఏడాదికే ఆమెకు దగ్గు పట్టుకుంది. క్షయ అనేసరికి అత్తవారు పుట్టింటికి పంపేశారు. ఒక కాంపౌండరు రోజూ ఇంటికొచ్చి సూది వేసేవాడు. తొంభై సూదులు. లెక్క తప్పకుండా మా అవ్వ తలుపు వెనక బొగ్గుతో గీతలు గీసేది. జబ్బు నయమైంది. ఒళ్ళు చేసింది, ముఖం తేటపడింది. ఆనందంగా పుంగనూరు పంపించారు.

ఆరు నెలలు తిరక్కముందే అక్కణ్ణించి ఫిర్యాదులు. "పిలిస్తే పలకదు. మనిషి బాగుపడి పొగరెక్కింది" అని అత్తగారు. "వంటింట్లోంచి అడిగితే వినబడనట్టే ఉంటాది, ఎదురుగా వచ్చి అడిగితే మాత్రం ఠక్కున చెబుతాది" అని ఆడబిడ్డ. పాలు పొంగి పొయ్యి మీద చుయ్యిమని కారిపోతున్నా పక్కనే కూరలు తరుగుతూ కూర్చుందట. దానికి కూడా మాటలు పడింది.

రెండో కాన్పుకు పుట్టింటికి వచ్చింది. అప్పుడు నాకు ఆరేడేళ్ళు. దూలానికి చీర ఉయ్యాల కట్టారు. ఒక రాత్రి అవ్వ నిద్రలేచి చూస్తే, ఉయ్యాలకు ఒక సన్నటి తాడు కట్టి ఉంది. రెండో కొస పెద్దమ్మ కాలి బొటనవేలికి ఉంది.

"ఏమ్మే, ఆ తాడేంది కాలికి?" అని అడిగింది. పెద్దమ్మ కళ్ళు తెరిచే ఉంది, పలకలేదు. రెండోసారి అడిగింది. పలకలేదు. అత్తగారి మాట నిజమేనేమో అని అవ్వకు చివ్వున కోపం వచ్చిందట. బుడ్డిదీపం వెలిగించి ముఖం దగ్గర పెట్టి మళ్ళీ అడిగింది. అప్పుడు చెప్పింది: "పాప ఏడిస్తే నాకు తెలీదు గదమ్మా. ఉయ్యాల కదిలితే కాలు లాగుతాది."

చీకట్లో వినబడనిది దీపం వెలుగులో ఎలా వినబడింది? వినబడలేదమ్మా. పెదవులు చూసి తెలుసుకుంది. అవ్వ ఆ రాత్రి మరి దీపం ఆర్పలేదు.

ఇన్నాళ్ళూ ఎందుకు దాచావే అంటే, పెద్దమ్మ చెప్పిన జవాబు ఒకటే. క్షయ మనిషి అన్న పేరు అప్పుడే పోయింది, చెవిటిది అన్న పేరు కూడా వస్తే ఇంకో పెళ్ళి చేసుకుంటారేమోనని భయం. పొగరుబోతు అనిపించుకోవడమే నయమనుకుంది. ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ నాకు గొంతు పట్టుకుంటుంది.

రాయవేలూరు పెద్దాసుపత్రికి తీసుకువెళ్ళారు. పోయిన వినికిడి తిరిగి రాదన్నారు. కానీ మిగిలినదాన్ని వాడుకోవచ్చని, తీగతో చెవికి తగిలించుకునే ఒక పెట్టె ఇప్పించారు. రవికెలో పెట్టుకుంటే పైట రాసుకుని ఒకటే గరగర. అయినా దాంతో బిడ్డ ఏడుపు వినింది. అవ్వ తానే పుంగనూరు వెళ్ళి వియ్యపురాలితో అంది: "నా బిడ్డకు పొగరు లేదు వదినా, చెవి లేదు. ఎదురుగా వచ్చి మాట్లాడండి, పలక్కపోతే నన్నడగండి." ఆ ఒక్క మాటతో ఆ ఇంట్లో పెద్దమ్మ కాపురం నిలబడింది.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, చెవుడు చాలాసార్లు పొగరు రూపంలోనో, మతిమరుపు రూపంలోనో, బద్ధకం రూపంలోనో మన ముందుకు వస్తుంది. చెవుడు రూపంలో రాదు. ఎందుకో చూడండి.

మన లోపలి చెవి నత్తగుల్లలా చుట్టుకుని ఉంటుంది. అందులో సుమారు 15,000 సన్నటి కణాలు, తలమీద వెంట్రుకల్లాంటి మొలకలతో, శబ్దాన్ని అందుకుంటాయి. పోయిన కణం మనిషిలో మళ్ళీ పుట్టదు. మందు వల్లగానీ, మోత వల్లగానీ, వయసు వల్లగానీ పోయేటప్పుడు సాధారణంగా సన్నటి, పై స్థాయి శబ్దాలను అందుకునేవే ముందు పోతాయి. కాబట్టి ఉరుము వినబడుతుంది, కీచురాయి వినబడదు. తలుపు దబ్బుమంటే ఉలిక్కిపడతారు, పాలు పొంగిన చుయ్యి తెలియదు. మగవాళ్ళ బొంగురు గొంతు అందుతుంది, మన గొంతూ, పిల్లల గొంతూ అందవు. మాటలో అచ్చులు వినబడతాయి, స, త, క, ప లాంటి హల్లులు జారిపోతాయి. పాలు, కాలు, తాలు మూడూ ఒకలాగే ఉంటాయి. పాలు తెమ్మంటే కాలు చూసుకుంటే నవ్వుతాం. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు అని సామెత ఉందా? శంఖం చాలామంది చెవిటివాళ్ళకు వినబడుతుంది. వినబడనిది మనం వంటింట్లోంచి అటు తిరిగి గొణిగే మాట. "కావలసినప్పుడు వినబడుతుందిలే" అనే నిందకు మూలం ఇదే.

ఆ మనిషికి మాత్రం తనకు వినికిడి తగ్గిందని వెంటనే తెలియదు. లోకమే మెల్లగా మాట్లాడుతోందనుకుంటాడు. అందుకని ముందుగా కనిపెట్టగలిగింది ఇంటి ఇల్లాలే. మీ ఇంట్లో మామగారు రేడియో, టీవీ సౌండు నానాటికీ పెంచుతున్నారా? నలుగురిలో కూర్చుంటే మాట కలపకుండా ఊరికే తలూపుతున్నారా? "ఏమన్నావు?" అని మళ్ళీ మళ్ళీ అడుగుతున్నారా? ఫోను ఎప్పుడూ ఒకే చెవికి పెట్టుకుంటున్నారా? పెళ్ళికీ పేరంటానికీ రానంటున్నారా? చెవిలో గుయ్యిమంటోందని, తల తిరుగుతోందని అంటున్నారా? ఇందులో రెండు మూడు కనబడితే, వెనక నిలబడి మామూలు గొంతుతో ఒకసారి పిలిచి చూడండి. తర్వాత ఎదురుగా వచ్చి పిలవండి. తేడా ఉంటే అది అనుమానించవలసిన విషయం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో లెక్క చెప్పింది: లోకంలో ఏదో ఒక మేరకు వినికిడి తగ్గినవాళ్ళు సుమారు 150 కోట్లు. ఇందులో సిగ్గుపడవలసిందేముంది?

కుప్పం వైపు ఉన్న అక్కచెల్లెళ్ళకు ప్రత్యేకంగా ఒక మాట. మీ ప్రాంతపు గ్రానైటు రాయి దూరదేశాలకు వెళుతుంది. ఆ రాతికి బెజ్జాలు వేసే యంత్రాల మోత మాత్రం పనివాడి చెవిలోనే ఉండిపోతుంది. గ్లాస్గోలో థామస్ బార్ అనే డాక్టరు 1886లో వంద మంది బాయిలర్లు చేసే పనివాళ్ళను పరీక్షిస్తే, వాళ్ళలో ఒక్కడికీ సరైన వినికిడి లేదు. మదనపల్లె నీరుగట్టువారిపల్లెలో మరమగ్గం దగ్గర కూర్చునేవాళ్ళకూ ఇదే హెచ్చరిక. 85 డెసిబెల్స్ మోతలో రోజుకు 8 గంటల చొప్పున ఏళ్ళ తరబడి పనిచేస్తే చెవికి ముప్పే. చేయి చాపినంత దూరంలో ఉన్న మనిషితో అరిచి మాట్లాడవలసి వస్తే మోత హద్దు దాటినట్టే. మీవారు క్వారీ నుంచి వచ్చి చెవిలో హోరు అంటే కాఫీ ఇచ్చి ఊరుకోకండి. చెవికి పెట్టుకునే రక్షణ అడగమనండి. దూది ఉండలు చాలవు.

పసిపిల్లల సంగతి ఇంకా ముఖ్యం. పుట్టు చెవుడున్న పాప కూడా మొదటి నెలల్లో ఊ కొడుతుంది, నవ్వుతుంది. అందుకే మోసపోతాం. పెద్ద చప్పుడుకు ఉలిక్కిపడాలి. ఆరు నెలలకు పిలుపు వచ్చిన వైపు తల తిప్పాలి. ఏడాదికి అత్త, తాత లాంటి మాట రావాలి. రెండేళ్ళకు రెండు మాటలు కలపాలి. "వాళ్ళ నాన్నకు కూడా ఆలస్యంగానే మాటలొచ్చాయి" అని ఊరుకోవద్దు. నెల లోపల పరీక్ష, మూడు నెలలకు నిర్ధారణ, ఆరు నెలలకు సాయం మొదలవడం అనేది నేటి వైద్యుల లెక్క. మాట నేర్చే వయసు దాటితే మళ్ళీ రాదు మరి. మన వైపు మేనమామకో, మేనరికానికో పిల్లనివ్వడం మామూలే. అలా చేసుకున్న వాళ్ళందరికీ ఇబ్బంది వస్తుందని కాదు. వంశంలో పుట్టు చెవుడు ఉంటే మాత్రం దగ్గరి సంబంధంలో అది బయటపడే అవకాశం పెరుగుతుంది. ఆ ఇంటి పాపను తప్పకుండా పరీక్ష చేయించాలి.

ఇక చేయకూడనివి. చెవిలో వెల్లుల్లి నూనె, ఆకు పసరు పోయకండి. పిన్నుతో, అగ్గిపుల్లతో గెలకకండి. చీము కారుతుంటే అదే తగ్గుతుందని ఏళ్ళు గడపకండి. కర్ణభేరికి చిల్లు పడితే ఆపరేషనుతో పూడ్చవచ్చు, గుబిలి అడ్డుపడితే డాక్టరు పది నిమిషాల్లో తీస్తారు. పిల్లవాణ్ణి చెవి మీద కొట్టకండి, ఆ ఒక్క దెబ్బకు కర్ణభేరి చిరగవచ్చు. ఉన్నట్టుండి ఒక చెవి వినబడకపోతే అది ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళవలసిన ఆపద. మొదటి రోజుల్లో మందు పడితే తిరిగి వచ్చే అవకాశం ఉంటుంది, వారాలు గడిస్తే తగ్గిపోతుంది.

ఎక్కడికి వెళ్ళాలంటారా? మా పెద్దమ్మ రోజుల్లోలాగా రాయవేలూరు ఒక్కటే దిక్కు కాదు. కుప్పంలో పి.ఇ.ఎస్. వైద్య కళాశాల ఆసుపత్రి ఉంది, తిరుపతిలో రుయా ఉంది. చెవి ముక్కు గొంతు డాక్టరు చూశాక ఆడియోమీటరు పరీక్ష చేస్తారు. నొప్పి లేదు, సూది లేదు. చెవులకు గొట్టాలు పెట్టి, చప్పుడు వినబడగానే చెప్పమంటారు, అంతే. మైసూరులో 1960లలో నెలకొల్పిన అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ ఉంది. కుప్పంలో రైలెక్కితే బెంగుళూరు మీదుగా వెళ్ళిరావచ్చు. వినికిడి యంత్రాలు ఉచితంగానో తక్కువకో ఇచ్చే కేంద్ర ప్రభుత్వ పథకం 1981 నుంచీ ఉంది. పుట్టు చెవుడున్న చిన్నపిల్లలకు కాక్లియర్ ఇంప్లాంట్ ఆపరేషనుకు మన రాష్ట్రంలో ఆరోగ్యశ్రీ కింద సాయం మొదలై చాలా ఏళ్ళయింది. అడగాలి. అడగడానికి మొహమాటం వద్దు. యంత్రం పెట్టిన మొదటి రోజే అంతా సరిపోదు. గిన్నెల చప్పుడు కూడా చెవులు చిల్లులు పడేలా ఉంటుంది. రెండు మూడు నెలలు ఓపిక పట్టాలి. బీరువాలో దాచేస్తే డబ్బు దండగ.

క్షయ గురించి భయం పెట్టి వదిలేశానని అనుకోకండి. ఇప్పుడు కాలం మారింది. స్ట్రెప్టోమైసిన్ సూదులున్న పాత ఎనిమిది నెలల పద్ధతి వద్దని 2017లోనూ, మొండి క్షయకు కనామైసిన్ సూదులు వద్దని ఆ తర్వాత రెండేళ్ళలోపునూ ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. మందు చాలావరకు మాత్రలతోనే నడుస్తోంది. కాబట్టి చెవికి భయపడి క్షయ మందు ఎవరూ మానకూడదు. మధ్యలో మానితే ప్రాణానికే ముప్పు. అయితే జెంటామైసిన్, అమికాసిన్ వంటి సూదులు వేరే జబ్బులకు ఇప్పటికీ అవసరమవుతూనే ఉన్నాయి. ఒక్క సంగతి గుర్తుంచుకోండి. ఈ సూదులకు చెవి తొందరగా దెబ్బతినే ఒక లక్షణం తల్లి ద్వారానే బిడ్డలకు వస్తుందని 1993లో కనిపెట్టారు. మీ అమ్మకో, అమ్మమ్మకో, పెద్దమ్మకో, మేనమామకో సూదుల తర్వాత వినికిడి పోయి ఉంటే ఆ మాట డాక్టరుతో ముందే చెప్పండి. నా పిల్లల విషయంలో నేను చెప్పాను.

మరి ఇంట్లో అలాంటి మనిషి ఉంటే ఎలా మెలగాలి? వెలుగులో, ఎదురుగా నిలబడి మాట్లాడండి. అరవకండి, అరిస్తే మాట వంకర పోతుంది, ముఖం చిట్లుతుంది. నిదానంగా చెప్పండి. అర్థం కాకపోతే అదే మాట పదిసార్లు అనకుండా వేరే మాటలో చెప్పండి. నోటికి పైట అడ్డం పెట్టుకోకండి. నలుగురు నవ్వినప్పుడు ఎందుకు నవ్వారో ఆ మనిషికి కూడా చెప్పండి. "ఏం లేదులే" అనే మాటంత కష్టపెట్టేది వాళ్ళకు మరొకటి లేదు.

మా పెద్దమ్మ డెబ్భై దాటి బతికింది. మనవల ఉయ్యాల కూడా ఊపింది. అప్పటికి చెవి వెనక పెట్టుకునే చిన్న యంత్రాలు వచ్చాయి, పైట గరగర లేదు. అయినా రాత్రిపూట దాన్ని తీసి పెట్టాక, తాడు మాత్రం కాలికి కట్టుకునేది. ఎవరూ నవ్వలేదు. ఎందుకో ఇంటిల్లిపాదికీ తెలుసు గదా.

ఈ సాయంత్రం మీ ఇంట్లో ఎవరైనా పిలిస్తే పలక్కపోతే, కోపం తెచ్చుకునే ముందు ఒక్కసారి లైటు వేసి, దగ్గరికి వెళ్ళి అడగండి. సెలవు.